ఆసియా క్రీడల పేరుతో పిల్లల చిత్రలేఖన పోటీ: బహుమతుల దగ్గర ఆగిపోకుండా అక్కడి పిల్లలతో పరిచయం దాకా తీసుకెళ్ళడం ఎలా?

ప్రశ్న: సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయిని, యాదాద్రి భువనగిరి జిల్లా

అందరికీ నమస్కారం. నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఏడు, ఎనిమిది తరగతులకు సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. 2026 సెప్టెంబరు 19 నుంచి అక్టోబరు 4 వరకు జపాన్‌లోని ఐచి ప్రాంతంలో, అందులోని నగోయా నగరంలో ఆసియా క్రీడలు జరుగుతాయి కాబట్టి, ఆ సందర్భాన్ని పురస్కరించుకొని పిల్లలకు చిత్రలేఖనం, వ్యాసరచన పోటీలు పెట్టాలని మా ఉపాధ్యాయులం అనుకున్నాం. పోటీ పెట్టడం మాకు కష్టమేమీ కాదు. ఒలింపిక్స్ వచ్చినా, క్రికెట్ ప్రపంచ కప్ వచ్చినా పెడుతూనే ఉన్నాం. డ్రాయింగు షీట్లు పంచుతాం, ‘క్రీడలు, ప్రపంచ శాంతి’ అని బోర్డు మీద రాస్తాం, గంట కొట్టగానే షీట్లు తీసుకుంటాం, ముగ్గురికి బహుమతులిస్తాం. ఆ షీట్లన్నీ వరుసగా పరిచి చూస్తే ఒక భూగోళం, ఒక పావురం, చేతులు పట్టుకున్న మనుషులు, చుట్టూ జెండాలు తప్ప మరొకటి కనిపించదు. గీసిన బిడ్డ ఏ ఊరి బిడ్డో, ఏం చూస్తూ పెరిగిందో ఆ బొమ్మలో ఎక్కడా తెలియదు. క్రీడలు జరిగే దేశం గురించి ఆ బిడ్డకు కొత్తగా తెలిసిందీ ఏమీ ఉండదు.

మా బడిలో చేనేత కుటుంబాల పిల్లలు ఎక్కువ. ఇంట్లో ఆసు పోయడం (నూలును వరుసలుగా చుట్టుకోవడం), చిటికి కట్టడం (రంగు పట్టకుండా నూలుకు కట్లు వేయడం), అచ్చు అతకడం (పాత పోగులకు కొత్త పోగులు కలపడం) పుట్టినప్పటి నుంచి చూస్తున్నవాళ్ళు. రంగుల పొందిక వీళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు. అటువంటి పిల్లలు కూడా పోటీ అనగానే పావురమే గీస్తున్నారంటే, లోపం మేము ఇచ్చే అంశంలోనే ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

క్రీడల సందర్భంగా పెట్టిన పిల్లల పోటీలు, కార్యక్రమాలు నిజంగా రెండు దేశాల పిల్లల మధ్య పరిచయానికి దారితీసిన సందర్భాలు ఎక్కడైనా ఉన్నాయా? ఉంటే ఎంత ముందుగా మొదలుపెట్టారు, పిల్లల చేత ఏం చేయించారు, పెద్దలు ఏ మేరకు కలగజేసుకున్నారు అన్నది తెలుసుకోవాలని ఉంది. మా దగ్గర డబ్బు లేదు, జపనీస్ తెలిసినవారు లేరు. తపాలా ఖర్చు పెట్టుకోగలం, ఒక కంప్యూటరు, ఇంటర్నెట్టు ఉన్నాయి, ఆంగ్లంలో నాలుగు వాక్యాలు సొంతంగా రాయగల పిల్లలు కొందరున్నారు. ఇంతలో ఏం చేయవచ్చో తెలిసినవారు దయచేసి చెప్పండి.


జవాబు: ఐచిలో స్థిరపడిన తెలుగువాడు

మేడమ్ గారూ, మీరు అడిగినదానికి సరిపోయే ఉదాహరణ జపాన్‌లోనే ఉంది. నేను ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాను, మా పిల్లలు ఇక్కడి బడుల్లోనే చదువుతున్నారు. 1998 ఫిబ్రవరిలో నగానోలో శీతాకాల ఒలింపిక్స్ జరిగినప్పుడు ఆ నగరంలోని ప్రాథమిక, మాధ్యమిక, ప్రత్యేక అవసరాల పాఠశాలలన్నీ ‘ఒక బడికి ఒక దేశం’ అనే కార్యక్రమం నడిపాయి. దాని గురించి ఇక్కడివారు ఇప్పటికీ ఇష్టంగా చెప్పుకుంటారు.

దాని మూలం ఇంకొంచెం వెనక ఉంది, అది ఆసియా క్రీడలకు సంబంధించినదే కాబట్టి మీకు బాగా పనికివస్తుంది. 1994లో హిరోషిమాలో ఆసియా క్రీడలు జరిగాయి. ఒక దేశ రాజధాని కాని నగరంలో ఆ క్రీడలు జరగడం అదే మొదటిసారి. జపాన్‌లో ప్రతి పేటకూ కోమిన్‌కాన్ అనే ఒక సామాజిక భవనం ఉంటుంది. సాయంత్రాలు పెద్దలు వచ్చి వంటలో, పాటలో, చేతిపనో నేర్చుకొని వెళతారు. హిరోషిమాలో ఒక్కొక్క కోమిన్‌కాన్ ఒక్కొక్క దేశాన్ని తనదిగా తీసుకొని, ఆ దేశపు వంటలు, పాటలు, అక్కడి సంగతులు నేర్చుకొని, క్రీడల రోజుల్లో వెళ్ళి ఆ జట్టు కోసం కేకలు వేసి ప్రోత్సహించింది. నగానోలో స్నేహ సంఘం ఒకటి నడుపుతున్న పెద్దలు ఆ పద్ధతి చూసి, అదే పని తమ ఊళ్ళో బడుల ద్వారా చేయిద్దామని ప్రతిపాదించారు.

1996లో మొదలుపెట్టారు. అంటే క్రీడలకు దాదాపు రెండేళ్ళ ముందు. ఇది చాలా ముఖ్యమని నా అభిప్రాయం. సుమారు 75 బడులు ఉంటే, పాల్గొన్న దేశాలు 72. ఒక బడికి ఒక దేశం దక్కిందంటే ఆ బడి పిల్లలు రెండేళ్ళపాటు ఆ దేశం గురించే చదివారు, ఆ దేశపు పలకరింపులు నేర్చుకున్నారు, అక్కడి వంట వండుకున్నారు, ఉత్తరాలు రాశారు, బొమ్మలు పంపారు, అటునుంచి వచ్చినవారిని బడికి పిలుచుకున్నారు. క్రీడాగ్రామంలో ఒక్కొక్క జట్టుకు స్వాగతం పలికే సభల్లో పిల్లలు నిలబడి ఆయా దేశాల జాతీయ గీతాలను ఆ దేశాల భాషల్లోనే పాడారు. జట్టులో ఒకే ఒక్క క్రీడాకారుడు ఉన్న దేశానికి కూడా ఈ గౌరవం దక్కుతుంది. ఆ ఏడాది మన దేశం నుంచి వెళ్ళింది ఒక్కరే, మనాలీకి చెందిన పదహారేళ్ళ శివ కేశవన్. ల్యూజ్ అనే మంచుబండి పోటీలో పాల్గొన్నాడు. పెద్ద జట్లు, పతకాలు ఉన్న దేశాల మీదే టీవీ చూపు ఉంటుంది. బడుల పద్ధతిలో మాత్రం పతకం ఊసే లేని దేశానికీ ఒక బడి నిండా పిల్లలు ఉంటారు.

బోస్నియా హెర్జెగోవినా కథ చెప్పకుండా ఉండలేను. ఆ దేశం సంబోన్‌యనాగి ప్రాథమిక పాఠశాలకు దక్కింది. బోస్నియాలో యుద్ధం 1995 చివరలో ఆగింది. దాని రాజధాని సరయేవో 1984లో శీతాకాల ఒలింపిక్స్ జరిపిన నగరం. మంచుబండ్ల పోటీలు జరిగిన అక్కడి బాట యుద్ధంలో ఫిరంగులకు స్థావరమైంది. పిల్లలు ఆ దేశం గురించి తెలుసుకుంటూ పోతే ఎదురైనవి పాటలు, వంటలు మాత్రమే కావు, పొలాల్లో మిగిలిపోయిన మందుపాతరలు కూడా. ఆ బడి పిల్లలు వాటిని తొలగించే పనికి విరాళాలు పోగుచేశారు. నగానో ప్రారంభోత్సవంలో ఒలింపిక్ జ్యోతిని మైదానంలోకి తెచ్చినవాడు క్రిస్ మూన్ అనే బ్రిటన్ దేశస్థుడు. మొజాంబిక్‌లో మందుపాతరలు తొలగిస్తూ ఒక చేయి, ఒక కాలు పోగొట్టుకున్న మనిషి ఆయన. పిల్లలు గుంపుగా ఆయన చుట్టూ పరుగెత్తారు. బడిలో మందుపాతరల గురించి చదివి, పైసా పైసా పోగుచేసిన పిల్లలకు ఆ దృశ్యం ఎలా కనిపించి ఉంటుందో మీరే ఊహించండి.

తరువాత ఈ పద్ధతి సిడ్నీకి, సాల్ట్‌లేక్ సిటీకి, టొరీనోకి వెళ్ళింది. 2008లో బీజింగ్‌లో రెండు వందలకు పైగా బడులు ఒక్కొక్క దేశంతో జతకట్టాయి. అన్నిచోట్లా బంధం నిలవలేదన్నది కూడా చెప్పాలి. నగానోలోనే కొన్ని బడుల్లో క్రీడలతో ఆగిపోయింది, కొన్నింటిలో ఏళ్ళ తరబడి సాగింది. ఆసక్తి ఉన్న ఉపాధ్యాయులు బదిలీ అయితే ఇక్కడైనా మన దగ్గరైనా జరిగేది అదే. అందుకని మీరు ఒక్కరే నెత్తిన వేసుకోకుండా ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులు కలిసి చేయడం మంచిది.


జవాబు: విశ్రాంత డ్రాయింగు మాస్టారు, కృష్ణా జిల్లా

అమ్మా, నా ఉద్యోగ జీవితమంతా ఇటువంటి పోటీలకు న్యాయనిర్ణేతగా కూర్చున్నవాణ్ణి కాబట్టి పోటీ వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను.

పిల్లలు పావురం గీయడానికి కారణం వాళ్ళ ఊహ తక్కువ కావడం కాదు. ‘ప్రపంచ శాంతి’ అని రాస్తే ఎనిమిదో తరగతి పిల్లవాడికి కంటికి కనిపించేది ఏదీ ఉండదు. గత ఏడాది బహుమతి వచ్చిన బొమ్మ గుర్తుకొస్తుంది, అదే గీస్తాడు. ఎవరికి గీస్తున్నాడో కూడా వాడికి తెలియదు. బల్ల అవతల కూర్చున్న మాలాంటివారి కోసం గీస్తాడు. చూసేవాడు మారితే బొమ్మ మారుతుంది. ‘మీ ఇల్లు ఎప్పుడూ చూడని, మీ భాష రాని, మీ వయసే ఉన్న ఒక అమ్మాయికి మీ ఇంట్లో పొద్దున్నే ఏం జరుగుతుందో బొమ్మలో చూపించు’ అని అడిగి చూడండి. ఆసు పోసే అమ్మ వస్తుంది, గుంటలో కాళ్ళు పెట్టి మగ్గం నేసే నాన్న వస్తాడు, రంగు ఆరేసిన నూలు వస్తుంది. తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేసి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం గారు మీ జిల్లావారే కదా. ఆయన యంత్రం ఎలా పనిచేస్తుందో బొమ్మ గీసి వివరించమనండి, మీ పిల్లలు నాకంటే బాగా గీస్తారు.

ఈ మధ్య కాలంలో పెద్ద క్రీడల్లో పిల్లల చేతికి నిజమైన పని అప్పగించిన సందర్భాలు రెండు నాకు నచ్చాయి. టోక్యో ఒలింపిక్స్ మస్కట్ (క్రీడలకు గుర్తుగా పెట్టుకునే బొమ్మ) ఎంపికను జపాన్ ప్రాథమిక పాఠశాలల పిల్లలకు వదిలిపెట్టారు. 2017 డిసెంబరు నుంచి 2018 ఫిబ్రవరి వరకు ఓటింగు జరిగింది, 2,05,755 తరగతులు ఓటు వేశాయి, గెలిచిన జంటకు 1,09,041 ఓట్లు వచ్చాయి. ఇందులో నన్ను ఆకట్టుకున్నది అంకె కాదు, నియమం. ఓటు పిల్లవాడికి కాదు, తరగతికి ఒక్కటి. అంటే ప్రతి గదిలోనూ పిల్లలు కూర్చొని, ఈ బొమ్మ ఎందుకు బాగుందో, పరదేశం నుంచి వచ్చినవాడికి ఇది మన గురించి ఏం చెబుతుందో ఒకరికొకరు చెప్పుకొని, ఒప్పించుకొని, ఒక నిర్ణయానికి రావాలి. మీరు మండల స్థాయి పోటీలకు చిత్రాలు పంపవలసి వస్తే వాటిని కూడా ఇలా తరగతి చేతనే ఎంపిక చేయించవచ్చు. పైసా ఖర్చు లేదు.

రెండోది ఇటలీది. 2026 మిలానో కోర్టీనా శీతాకాల క్రీడల మస్కట్ల కోసం దేశంలోని బడులన్నింటినీ ఆలోచనలు పంపమన్నారు. గెలిచింది దక్షిణాన కలాబ్రియా ప్రాంతంలోని తవెర్నా అనే చిన్న ఊరి బడి. క్రీడలు ఉత్తరాన ఆల్ప్స్ కొండల్లో, ఆ ఊరు దేశానికి ఇంకో చివర. వాళ్ళ ఆలోచన నుంచి టీనా, మీలో అనే రెండు స్టోట్‌లు పుట్టాయి. ముంగిసలా పొడవుగా ఉండే కొండజంతువు అది. పారాలింపిక్స్ మస్కట్ అయిన మీలో పుట్టుకతోనే ఒక పాదం లేనివాడు, తోక సాయంతో నడుస్తాడు. ప్రజల ఓటులో రెండో స్థానంలో నిలిచిన బడి పిల్లల ఆలోచన మంచులో పూసే పువ్వులు. ఓడిపోయాయని వాటిని పక్కన పడేయలేదు, ‘ఫ్లో’ అనే పేరుతో ఆ ఇద్దరికీ తోడుగా పెట్టారు. నాకు ఇది ఎంతో పెద్ద మనసున్న పని అనిపించింది. మన పోటీల్లో మూడో బహుమతి తరువాతి బొమ్మలన్నీ బీరువా మీద దుమ్ము కొట్టుకుపోతాయి. గీసిన పిల్లలకు వాటిని తిరిగి ఇవ్వాలన్న ఆలోచన కూడా చాలాచోట్ల ఉండదు.

1968 మెక్సికో ఒలింపిక్స్‌లో ఏడాది పొడవునా సాంస్కృతిక కార్యక్రమాలు జరిపినప్పుడు పిల్లల చిత్రకళకు కూడా ఒక ఉత్సవం పెట్టి, రకరకాల దేశాల పిల్లల బొమ్మలను పక్కపక్కన నిలబెట్టారు. అంటే ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. పక్కపక్కన పెట్టడమే అందులో అసలు సంగతి. మీ పిల్లల బొమ్మ ఒక్కటే గోడ మీద ఉంటే అది ప్రదర్శన. అదే అంశం మీద జపాన్ పిల్లవాడు గీసినది దాని పక్కన ఉంటే పిల్లలు దాని ముందు నిలబడి, తేడాలు వెతుకుతూ కదలరు.

ఇంకొక్క మాట. పెద్దల చేతి గీత గుర్తుపట్టడం మాకు కష్టం కాదు, కానీ గుర్తుపట్టాక ఆ బిడ్డను నలుగురిలో అవమానించకండి. ఇంటికి పంపి గీయించకుండా బడిలోనే గీయించండి, ఫోను చూసి గీయడం వద్దని ముందే చెప్పండి, బొమ్మ వెనక నాలుగు వాక్యాలు సొంతంగా రాయించండి. గీత వంకరగా ఉన్నా, చెప్పే విషయం తనదైతే ఆ బొమ్మకే నా ఓటు.


ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మాస్టారు గారు చెప్పిన అంశాన్ని మా సహోపాధ్యాయులకు చదివి వినిపించాను, అందరికీ నచ్చింది.

రెండు సందేహాలు మిగిలాయి. మొదటిది, మండల స్థాయికి చిత్రాలు పంపాలంటే వాళ్ళు ఇచ్చిన అంశం మీదే పంపాలి, అక్కడ బహుమతులు ఉంటాయి, తల్లిదండ్రులు కూడా వాటి కోసం ఎదురుచూస్తారు. పోటీని పూర్తిగా వదులుకోలేను. రెండోది నన్ను ఎక్కువగా బాధపెడుతోంది. మగ్గం, నూలు అని నేనే అడిగితే మా పిల్లలను వాళ్ళ కులవృత్తికి కట్టేసినట్టు అవుతుందేమో. మా తరగతిలో మగ్గం ముఖం చూడకూడదని, పోలీసు కావాలని, కబడ్డీ ఆడాలని కోరుకునే పిల్లలు ఉన్నారు. బయటివారికి చూపించడానికి అందంగా ఉంటుందని వాళ్ళ చేత ఇంటి పనిని ప్రదర్శింపజేయడం న్యాయమేనా?


జవాబు: వీధి బాలల సంస్థలో పనిచేసే తెలుగు స్త్రీ, చెన్నై

మేడమ్, మీ రెండో సందేహం చాలా విలువైనది. దాన్ని వదలకండి. దారిద్ర్యాన్నో, వృత్తినో అందమైన బొమ్మగా మార్చి పరదేశానికి పంపే పని మా రంగంలో చాలా జరుగుతుంది, పిల్లలు దాన్ని గ్రహిస్తారు కూడా.

నేను చూసినంతలో దీన్ని చక్కగా పరిష్కరించినది స్ట్రీట్ చైల్డ్ ప్రపంచ కప్. ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జరిగే దేశంలో, దానికి కొద్ది వారాలో, నెలలో ముందు, వీధుల్లో బతికిన పిల్లల జట్ల మధ్య పోటీలు జరుపుతారు: 2010లో డర్బన్, 2014లో రియో, 2018లో మాస్కో, 2022లో దోహా. క్రికెట్‌కు కూడా 2019లో లండన్‌లో జరిగింది, చెన్నై పిల్లలు ఉన్న దక్షిణ భారత జట్టు లార్డ్స్ మైదానంలో గెలిచింది. ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి ఒకే జట్టుగా ఆడారు. ఆటతోపాటు కళల ఉత్సవం, పిల్లల సభ ఉంటాయి. బొమ్మలు, నృత్యాలు, నాటికల ద్వారా తమ సంగతులు చెప్పుకున్న పిల్లలే తరువాత సభలో కూర్చొని, మాకు గుర్తింపు పత్రాలు కావాలి, చదువు కావాలి, దెబ్బలు లేని చోటు కావాలి అని పెద్దల ముందు డిమాండ్ చేస్తారు. ఏం చెప్పాలో నిర్ణయించేది పిల్లలే. బొమ్మ అందంగా ఉందా లేదా అన్న ప్రశ్న అక్కడ రాదు.

కాబట్టి మగ్గం గీయమని అడగవద్దు, గీయవద్దనీ అనవద్దు. మాస్టారు గారి ప్రశ్నలోనే ‘మీ ఇంట్లో’ అన్న చోట ‘మీ రోజులో’ అనండి. కబడ్డీ ఆడే అమ్మాయి కోర్టు గీస్తుంది, మగ్గం ఇష్టమైన అబ్బాయి మగ్గం గీస్తాడు. అవతలి పిల్లలు ఏం తెలుసుకోవాలని అనుకుంటున్నారో వాళ్ళ నుంచే ప్రశ్నలు తెప్పించండి. మన పిల్లలు కూడా అటు ప్రశ్నలు పంపాలి. ప్రశ్నలు రెండు వైపులా వెళ్ళినప్పుడే ఒకరు చూసేవారు, ఒకరు చూపించేవారు అన్న తేడా పోతుంది.

ఒక జాగ్రత్త. బొమ్మల మీద పిల్లల పూర్తి పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోను నంబర్లు రాయించవద్దు. బడి చిరునామా, పిల్లల మొదటి పేరు చాలు. ఫోటోలు పంపాలంటే తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకోండి, పిల్లలను కూడా ఇష్టమేనా అని విడిగా అడగండి. ఆ ఫోటోలు ఎక్కడ పెడతారో అవతలి బడిని ముందే అడగడం తప్పు కాదు. పిల్లలకు పరదేశంలో ఎవరితోనైనా నేరుగా ఫోనులో సంభాషణ మొదలయ్యే అవకాశం ఇవ్వకండి, అన్నీ ఉపాధ్యాయుల ద్వారానే సాగాలి.

సమయం గురించి కూడా ఒక మాట. 2019 నవంబరులో దక్షిణ సూడాన్ క్రీడాకారులు నలుగురు, వారి కోచ్ ఒకరు టోక్యో ఒలింపిక్స్ శిక్షణ కోసం జపాన్‌లోని మాయెబాషి నగరానికి వచ్చారు. కరోనా వల్ల క్రీడలు ఏడాది వాయిదా పడినా ఆ నగరం వాళ్ళను వెనక్కి పంపకుండా 2021 ఆగస్టు వరకు ఉంచుకుంది. కొద్ది నెలల అతిథులుగా వచ్చినవారు అలా అక్కడి జనానికి బాగా తెలిసిన మనుషులయ్యారు. మీ కార్యక్రమాన్ని కూడా క్రీడల ముగింపు తేదీకి ముడిపెట్టకండి.


జవాబు: ఐచిలో స్థిరపడిన తెలుగువాడు

మొదటి సందేహానికి నా సమాధానం: పోటీని, పరిచయాన్ని విడదీయండి. మండలానికి వాళ్ళు అడిగిన అంశం మీద, వాళ్ళు అడిగిన తేదీకి చిత్రాలు పంపండి, బహుమతులు వస్తే పిల్లలు ఆనందిస్తారు. జపాన్‌కు వెళ్ళే బొమ్మల్లో మాత్రం ఎంపిక వద్దు, తరగతిలో గీసిన ప్రతి బిడ్డదీ వెళ్ళాలి. నగానోలో ఒక్కొక్క బడిని మొత్తంగా ఒక దేశంతో కలిపారు గాని, బాగా గీసే పిల్లలను మాత్రమే ఏరి కలపలేదు.

ఇక మగ్గం ఇష్టమైన పిల్లల కోసం ఇక్కడ ఒక మంచి జత ఉంది. నగోయా నగరంలోనే అరిమత్సు అనే పాత వీధి ఉంది. 1608 ప్రాంతంలో మొదలై నాలుగు వందల ఏళ్ళుగా అక్కడ షిబోరి అనే అద్దకం జరుగుతోంది. నేసిన బట్టను మడిచి, దారంతో గట్టిగా కట్టి, నీలిరంగులో ముంచి, తరువాత కట్లు విప్పుతారు. కట్టిన చోట రంగు పట్టదు, తెల్లని నమూనా మిగులుతుంది. మీ పోచంపల్లి పద్ధతిలో నేయడానికి ముందే నూలును కట్టి రంగు వేస్తారు, ఆ తరువాతే మగ్గం ఎక్కుతుంది. మీ దగ్గర నూలుకు వేసే కట్టు, ఇక్కడ బట్టకు వేస్తారు. నూలును కట్టే పద్ధతి కూడా జపాన్‌లో లేకపోలేదు, దాన్ని కసురి అంటారు, ఫుకువోకా వైపు కురుమేలో ప్రసిద్ధి. ఈ పనులు చేసే చేతులను, పనిముట్లను, తప్పు పడితే ఏం చేస్తారన్న విషయాన్ని రెండు వైపులా పిల్లలు గీసి పంపుకుంటే, అది చూసి మా పెద్దలే ఆశ్చర్యపోతారు. 1992లో షిబోరి మీద మొదటి అంతర్జాతీయ సదస్సు నగోయాలోనే జరిగింది కాబట్టి, ఈ విషయం మీద పరదేశంతో మాట్లాడటం ఇక్కడివారికి అలవాటే.

ఆట ఇష్టపడే పిల్లలకు వేరే దారి ఉంది. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన దీప్తి జీవాంజి 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ (వైకల్యం ఉన్న క్రీడాకారుల) పోటీల్లో, మేధో వైకల్యం ఉన్నవారి విభాగంలో 400 మీటర్ల పరుగును 55.07 సెకన్లలో పూర్తిచేసి, ఆ విభాగంలో అప్పటి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. చిన్నప్పుడు ఊళ్ళోవాళ్ళు ఆమెను ఎన్ని మాటలన్నారో పత్రికల్లో వచ్చింది. మీ పిల్లలు ఆమె గురించి రాసి పంపితే, జపాన్ పిల్లలకు అది తమ దేశంలో జరిగిన పరుగు కథ కూడా అవుతుంది. ఐచి నగోయా పారా ఆసియా క్రీడలు అక్టోబరు 18 నుంచి 24 వరకు ఉన్నాయి. ఆసియా క్రీడల సందడిలో వాటిని మరిచిపోకండి, పిల్లలతో మాట్లాడటానికి అవే మంచి సందర్భం కావచ్చు.

తేదీల సంగతి. ఇక్కడి బడులు ఏప్రిల్‌లో మొదలవుతాయి, జూలై చివరి నుంచి ఆగస్టు చివరి వరకు వేసవి సెలవులు. మీ బడులు జూన్‌లో తెరుచుకోగానే మొదటి ఉత్తరం పంపితే ఇక్కడ సెలవులకు ముందే చేరుతుంది. సెప్టెంబరులో పంపితే క్రీడల హడావిడిలో ఎవరూ పట్టించుకోరు. నేరుగా ఏదో ఒక బడికి రాయడం కంటే, నగోయా ఇంటర్నేషనల్ సెంటర్ వంటి చోట ముందు అడగడం మేలు. పరదేశీయులకు, నగరవాసులకు మధ్య పరిచయాలు కలపడం వాళ్ళ పనే. ప్రధానోపాధ్యాయుల సంతకంతో, బడి గురించి ఒక పేజీ, పిల్లల వయసు, ఎంతమంది, ఏం ఆశిస్తున్నారు అన్నది ఆంగ్లంలో స్పష్టంగా రాయండి. జపాన్‌లో ఇటువంటి కోరికకు జవాబు రావడానికి ఆలస్యమవుతుంది, ఎందుకంటే బడిలో చాలామంది అంగీకరించాలి. ఇక జవాబు రాదని అనుకోవద్దు, మర్యాదగా మళ్ళీ రాయండి.

పిల్లల ఉత్తరాలు మాత్రం తెలుగులోనే రాయించండి. ఆంగ్లంలో రాయమంటే ‘మై నేమ్ ఈజ్’ దగ్గర ఆగిపోతారు, తెలుగులో అయితే తాతయ్య గురించి కూడా రాస్తారు. మన లిపి చూడటం ఇక్కడి పిల్లలకు ఎంతో ఇష్టంగా ఉంటుంది. ఉత్తరాలు స్కాన్ చేసి పంపితే, నేను, ఇక్కడి మరో ఇద్దరు తెలుగు మిత్రులు కలిసి జపనీస్‌లోకి మార్చి జతచేస్తాం. అటునుంచి వచ్చేవి తెలుగులోకి మార్చి పంపుతాం. మీ ప్రధానోపాధ్యాయుల అనుమతి రాగానే ఇక్కడే ఒక మాట రాయండి, ఎన్ని ఉత్తరాలు ఉంటాయో తెలిస్తే పని పంచుకుంటాం.